"కొంచెంలో తప్పింది" అన్న మాటని వదిలేయొద్దు: లారీలు, వ్యాన్లు నడిపేవాళ్లకి ఇన్సిడెంట్ రిపోర్టింగ్ (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో నాలుగు లారీలో, పది డీసీఎంలో, స్కూల్ బస్సులో, డెలివరీ వ్యాన్లో ఉన్నవాళ్ల కోసం. బండ్లు నాన్నవో బాబాయివో అయినా, ఫోన్‌లో లెక్కలు చూసేది, డ్రైవర్లతో వాట్సాప్‌లో మాట్లాడేది మీరే కదా? అయితే ఈ వీడియో మీకే.

ముందు ఒక ప్రశ్న. పోయిన నెలలో మీ బండ్లకి ఎన్ని యాక్సిడెంట్లు అయ్యాయి? దీనికి మీరు టక్కున సమాధానం చెప్పేస్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న. పోయిన నెలలో ఎన్నిసార్లు "కొంచెంలో తప్పింది"? దీనికి మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. డ్రైవర్‌కి తెలుసు, క్లీనర్‌కి తెలుసు, ఢాబాలో టీ తాగుతూ తోటి డ్రైవర్లకి కూడా చెప్పుకుంటారు. ఓనర్‌కి మాత్రం చెప్పరు. ఎందుకు చెప్పరు అన్నదే ఇవాళ్టి అసలు విషయం.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇందులో బతికి బయటపడ్డవాళ్లు లేరు, తృటిలో తప్పించుకున్నవాళ్లు అసలే లేరు. 1931లో హైన్రిక్ అనే ఆయన ఫ్యాక్టరీ ప్రమాదాల మీద ఒక పుస్తకం రాశాడు. ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్న గాయాలు, 300 దెబ్బ తగలని ఘటనలు ఉంటాయి అన్నాడు. ఆ అంకెల మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. అందుకే అంకెలు పట్టుకోకండి, విషయం పట్టుకోండి. పెద్ద ప్రమాదానికి ముందు చిన్న చిన్న సూచనలు చాలాసార్లు కనిపిస్తాయి.

దీనికి ఒక నిజమైన ఉదాహరణ చెప్తా. ఇది లారీలది కాదు, విమానాలది. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 అనే విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగబోతూ కొండకి గుద్దుకుంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. ఎంత ఎత్తుకి దిగొచ్చు అన్న విషయంలో పైలట్లు ఒకటి అనుకున్నారు, కంట్రోలర్లు ఇంకొకటి అనుకున్నారు. విచారణలో ఏం తేలిందో తెలుసా? దాదాపు ఆరు వారాల ముందు వేరే కంపెనీ విమానం ఒకటి అక్కడే, అదే అయోమయంతో కొంచెంలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లకి జాగ్రత్త చెప్పింది. కానీ ఆ మాట మిగతా కంపెనీల పైలట్లకి చేరే దారే లేదు.

ఆ తర్వాత 1976లో అమెరికాలో పైలట్ల కోసం ఒక రిపోర్టింగ్ పద్ధతి మొదలైంది. ఇందులో ఒక తెలివైన పని చేశారు. లైసెన్స్ మీద చర్య తీసుకునే సంస్థ ఎఫ్ఏఏ. కానీ రిపోర్టులు తీసుకునేది ఎఫ్ఏఏ కాదు, నాసా. చెప్పినవాళ్ల పేరు తీసేసి, విషయం మాత్రమే అందరికీ పంచుతారు. అంటే, శిక్ష వేసే చెయ్యి వేరు, మాట వినే చెవి వేరు.

ఇప్పుడు మన బండ్ల దగ్గరికి వద్దాం. చాలా చోట్ల జరిగేది ఏంటి? బంపర్‌కి సొట్ట పడితే జీతంలో కోత. అద్దం పగిలితే బత్తాలో కోత. ఇక డ్రైవర్ అన్న ఎందుకు చెప్తాడు చెప్పండి? సొంత డబ్బుతో దారిలోనే సొట్ట తీయించేసుకుంటాడు. బ్రేకు సరిగ్గా పట్టట్లేదని చెప్తే "బండి ఆపాలి, ట్రిప్పు పోతుంది" అని తిడతారేమోనని ఊరుకుంటాడు. కోత వేసి మీరు మిగుల్చుకున్నది రెండు వేలు. దానికోసం పోగొట్టుకున్నది సమాచారం.

సరే, ఎలా మొదలుపెట్టాలి? యాప్ కొనక్కర్లేదు. స్టెప్ బై స్టెప్ చూద్దాం.

మొదటిది, ఏం చెప్పాలో తేల్చండి. మూడు రకాలు చాలు. ఒకటి, దెబ్బ తగిలింది: మనిషికి గానీ, బండికి గానీ, సరుకుకి గానీ. రెండు, కొంచెంలో తప్పింది: రెప్ప వాలడం, సడన్ బ్రేక్, రివర్స్‌లో ఎవరో అడ్డం రావడం. మూడు, ప్రమాదం కాచుకుని ఉంది: అరిగిన టైరు, వెలగని లైటు, లూజుగా కట్టిన లోడు, హైవే మీద చీకట్లో ఆగిపోయిన బండి. రెప్ప వాలడం చిన్న విషయం అనుకోకండి. గంటకి 60 స్పీడ్‌లో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది.

రెండోది, ఎలా చెప్పాలి? పెద్ద ఫారం ఇస్తే ఎవరూ నింపరు. ఒక నంబర్ పెట్టండి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ చాలు. ఎక్కడ, ఎప్పుడు, ఏ బండి, ఏం జరిగింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇంకా ఘోరంగా అయ్యేదా? ఆరు ప్రశ్నలు, తెలుగులో, హిందీలో, డ్రైవర్‌కి ఏది వస్తే అందులో. మీరు దాన్ని షీట్‌లో ఎక్కించుకోండి. ఒక్క రూల్ మాత్రం గట్టిగా పెట్టండి: బండి పక్కకి ఆపాకే మెసేజ్. నడుపుతూ మెసేజ్ పెడితే అదే ఇంకో ప్రమాదం అవుతుంది.

మూడోది, ఎవరు వినాలి? నాసా సంగతి గుర్తుందిగా. జీతాలు కోసే మనిషి వినకూడదు. మీ నాన్నగారు జీతాలు చూస్తుంటే, రిపోర్టులు మీరు వినండి. లేదా అందరూ నమ్మే సీనియర్ డ్రైవర్‌కి అప్పజెప్పండి.

నాలుగోది, మాట ఇవ్వండి, నిలబెట్టుకోండి. "తనంతట తాను చెప్పినదానికి కోత ఉండదు, తిట్లు ఉండవు." అయితే తాగి నడపడం, కావాలని చేసినవి, దాచిపెట్టినవి ఇందులోకి రావు. ఆ గీత ముందే అందరి ముందూ చెప్పేయండి. ఒక్కసారి మాట తప్పినా, ఆ నంబర్‌కి ఇంకెప్పుడూ మెసేజ్ రాదు.

ఐదోది, "డ్రైవర్ అజాగ్రత్త" అని రాసి ఫైల్ మూసేయకండి. ఉదాహరణకి, రాత్రి గోడౌన్‌లో రివర్స్ చేస్తూ వ్యాన్ స్తంభానికి తగిలింది అనుకుందాం. ఎందుకు? వెనక కనపడలేదు. ఎందుకు? రివర్స్ లైట్ పోయింది. ఎందుకు బాగు చేయించలేదు? మెకానిక్‌కి నోటిమాటగా చెప్పాడు, ఎక్కడా రాయలేదు. మరి క్లీనర్ దిగి చూడొచ్చుగా? ఒక బత్తా మిగులుతుందని క్లీనర్‌ని పంపలేదు. చూశారా, డ్రైవర్ దగ్గర మొదలైన ప్రశ్న ఆఫీసు టేబుల్ దగ్గరికి వచ్చింది. పని గంటలు కూడా ఇలాగే అడగండి. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్ల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకి మామూలుగా 8 గంటలు అని అప్పుడే చెప్పింది. మీ ట్రిప్ షీట్ ఏమంటోంది?

ఆరోది, తిరిగి చెప్పండి. వారంలోపు "నువ్వు చెప్పిన లైట్ మార్చాం అన్నా" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఘటనని పేరు లేకుండా మిగతా డ్రైవర్ల గ్రూప్‌లో పెట్టండి. తన మాటకి విలువ ఉందని తెలిస్తేనే మనిషి రెండోసారి చెప్తాడు.

ఇప్పుడు నిజంగా ప్రమాదమే జరిగితే? అప్పుడు ఫారం కాదు ముందు. ముందు 108 కానీ 112 కానీ కొట్టాలి. జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం డ్రైవర్ గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. జనం కొడతారన్న భయంతో చాలామంది పారిపోతారు. మూక కోపం వల్ల అక్కడ ఆగి సాయం చేయలేని పరిస్థితి ఉంటుందని ఆ చట్టం కూడా గుర్తించింది. అందుకే డ్రైవర్లకి ముందే చెప్పి ఉంచండి: ప్రాణభయం ఉంటే నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లు, దారిలో 108కి చెప్పించు, మాయం మాత్రం అవ్వకు.

ఇంకో రెండు విషయాలు. డ్యాష్‌క్యామ్ ఉంటే వీడియో వెంటనే వేరేగా సేవ్ చేయండి, కార్డు నిండితే పాతదాని మీదే కొత్తది రికార్డ్ అయిపోతుంది. గాయపడినవాళ్ల ఫొటోలు మాత్రం ఏ గ్రూప్‌లోనూ పెట్టొద్దు. ఆ ఫొటో వాళ్ల పిల్లల ఫోన్‌కి కూడా వస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక. మొదలుపెట్టిన రెండు నెలల్లో రిపోర్టులు పెరుగుతాయి. "ఇదేంట్రా, మన బండ్లు ఇంత ఘోరంగా ఉన్నాయా" అని ఇంట్లో అంటారు. కంగారు పడకండి. ప్రమాదాలు పెరగలేదు, ఇన్నాళ్లూ వినపడనివి ఇప్పుడు వినపడుతున్నాయి. సున్నా రిపోర్టులు వస్తేనే భయపడాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ డ్రైవర్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, "అన్నా, ఈ మధ్య ఎక్కడ కొంచెంలో తప్పింది?" అని అడగండి. మధ్యలో మాట్లాడకుండా వినండి. ఏం తెలిసిందో కామెంట్‌లో రాయండి, డ్రైవర్ పేరు, బండి నంబర్ మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త, బై!