రూట్ పాస్‌వర్డ్ చెప్పకుండా ఫ్రెండ్‌కి రూట్ ఇవ్వొచ్చా?

ఆదోనిలో నలుగురు ఫ్రెండ్స్ డబ్బులేసుకొని ఒక పాత పీసీ కొన్నారనుకోండి. ఉబుంటు ఎక్కించారు. ఒకడికి వెబ్‌సైట్ పెట్టాలి, ఇంకొకడికి డేటాబేస్ నేర్చుకోవాలి. రూట్ పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు. ఎవడో ఒకడు తప్పు ఫోల్డర్‌లో డిలీట్ కొట్టాడా, నలుగురి పనీ తుంగభద్రలో కలిసినట్టే. (గంగ మనకి దూరం కదా!)

వర్చువల్ మెషీన్లు పెట్టుకోవచ్చు కదా బ్రో అంటారు. పెట్టుకోవచ్చు. కానీ ఒక్కోదానికి ఒక్కో కెర్నల్, ఒక్కో ర్యామ్ వాటా. 4 జీబీ పీసీకి అది మోయలేని బరువు. కంటైనర్లలో కెర్నల్ అందరికీ ఒక్కటే. మంత్రాలయంలో ఏదైనా సత్రం గుర్తుచేసుకోండి. గదులు వేరు, తాళాలు వేరు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు మాత్రం ఒక్కటే. ట్యాంకు పగిలితే అందరికీ నీళ్లు బంద్. కెర్నల్‌లో లోపం ఉన్నా అంతే, కాబట్టి అప్‌డేట్లు వాయిదా వేయొద్దు.

ఇదంతా 2013లో డాకర్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. ఫ్రీబీఎస్‌డీలో జైల్స్ 2000లోనే వచ్చాయి. ఎవరెంత సీపీయూ, ర్యామ్ వాడాలో గీత గీసే సీగ్రూప్స్, లినక్స్‌లోకి 2008లో వచ్చాయి.

మనకి ముఖ్యమైంది యూజర్ నేమ్‌స్పేస్. కంటైనర్ లోపల మీ ఫ్రెండ్ యూజర్ నంబర్ 0, అంటే రూట్. అదే మనిషి బయట, అసలు మెషీన్ లెక్కలో, 100000 లాంటి నంబరున్న మామూలు యూజర్. లోపల ప్యాకేజీలు వేసుకుంటాడు, సర్వీసులు ఆపుతాడు, పాస్‌వర్డ్‌లు మారుస్తాడు. బయట మీ ఫైల్ ముట్టుకోబోతే 'పర్మిషన్ డినైడ్'.

దీనికి నేను చెప్పే టూల్ ఇంకస్. 2023లో ఎల్‌ఎక్స్‌డీ నుంచి విడిపోయి వచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఇందులో రెండు గ్రూపులుంటాయి: 'ఇంకస్-అడ్మిన్', వట్టి 'ఇంకస్'. ఫ్రెండ్‌ని అడ్మిన్ గ్రూపులో వేస్తే మొత్తం మెషీన్ రాసిచ్చినట్టే. మీ డిస్క్‌నే తన కంటైనర్‌లోకి మౌంట్ చేసుకోగలడు. వట్టి 'ఇంకస్' గ్రూపులో వేస్తే వాడికంటూ ఒక ప్రాజెక్ట్ తయారవుతుంది. అందులో కంటైనర్లు తనే పుట్టిస్తాడు, తనే తీసేస్తాడు, మీవి జోలికి రాలేడు. ఆ ప్రాజెక్ట్‌కి ర్యామ్ లిమిట్ మీరు పెట్టొచ్చు.

క్లస్టర్ కావాలంటే? ఒక మెషీన్ ఆగినా మిగతావి నడవాలంటే కనీసం మూడుండాలి, రెండు చాలవు. అప్పుడు కూడా, ఆగిపోయిన మెషీన్‌లో ఉన్న కంటైనర్లు పక్కదాంట్లో లేవాలంటే సెఫ్ లాంటి షేర్డ్ స్టోరేజ్ ఉండాలి. ఆ సెటప్ పెద్దది, వేరే ఎపిసోడ్ చేద్దాం. ఈలోగా ఒక్క పీసీలో, ఒక్క ఫ్రెండ్‌కి ఇచ్చి చూడండి. కమాండ్లు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి.