పొగను కొలుచుట యెట్లు?



"నీవు దినమునకెన్ని చుట్టలు కాల్తువు?" అని యెవరినైన నడిగి చూడుడు. "ఏదో, నాలుగైదు" అని జవాబు వచ్చును. ఇంటి యిల్లాలి నడిగినచో ఆ సంఖ్య పెరుగును. ఆ మాటను నమ్మియే వైద్యుడు మందియ్యవలెను, పరిశోధకుడు లెక్క వ్రాయవలెను! సంఖ్య నిజమే యనుకొందము. అయినను, కాల్చినవి యెన్నియో తెలిసినంత మాత్రమున లోనికి పోయిన పొగ యెంతయో తెలియదు. ఆ పొగను కొలుచు చౌక పనిముట్లను గూర్చి నేనీ దినమున ముచ్చటింపదలచితిని.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి పద్ధతి ప్రకారము 1967 మొదలు సిగరెట్లను యంత్రముచే కాల్పించి లెక్క కట్టెడివారు. నిమిషమున కొక దమ్ము; దమ్మునకు రెండు సెకండ్లు, 35 మిల్లీలీటర్ల పొగ. కంపెనీలవారు ఫిల్టరునకు కంటికానని రంధ్రములు పొడిచిరి. యంత్రము పీల్చునప్పుడు వాటిగుండ గాలి చొచ్చి పొగ పలుచనయ్యెను, అంకె తగ్గెను, పెట్టెపై "లైట్" అని ముద్రపడెను. మనుష్యుడు యంత్రము కాడు గదా! వాని వ్రేళ్లును పెదవులును ఆ రంధ్రములను మూయును. నికోటినునకు అలవాటుపడిన యొడలు, చాలకున్న, మరింత గట్టిగా లాగును. ఆ పద్ధతికిచ్చిన యామోదమును కమిషన్ వారు 2008లో గాని ఉపసంహరించుకొనలేదు.

కావున మనుష్యుడే యెట్లు పీల్చునో చూడవలెను. దీనికొక చిన్న సాధనము కలదు. సిగరెట్టును గ్రుచ్చు పొట్టి గొట్టము. దాని నడుమ నొక యిరుకు. పొగ ఆ యిరుకున దూరునప్పుడు దానికి ముందువెనుకల పీడనములో భేదము కలుగును. గట్టిగా లాగినకొలది భేదము హెచ్చును. రెండు సన్నని రబ్బరు గొట్టములు ఆ భేదమును గోరంత పీడనమాపకమునకు చేర్చును. దమ్ములెన్ని, ఒక్కొక్కటి యెంతసేపు, పొగ యెంత, నడుమ విరామమెంత - అన్నియు అందు నమోదగును. ప్రయోగశాలలకై యమ్మెడు యంత్రములు మిక్కిలి ఖరీదు. విడిభాగములు తెచ్చి కూర్చుకొన్నచో కొన్ని వేల రూపాయలతో ముగియును, జేబులో పట్టును. దాని సత్యమును పరీక్షించుటయు కష్టము కాదు. కొలతగీతలున్న పెద్ద పిచికారితో 50 మిల్లీలీటర్ల గాలిని లాగిన, సాధనము 50 అనియే చూపవలెను. సంతలో తూనికరాళ్లను సరిచూచుట వంటిదే యిది. పొగలోని జిగట ఆ యిరుకున పేరుకొని లెక్క చెరుచును గనుక మాటిమాటికి తుడువవలెను. నేనైతే ధరకంటె నీ తుడుచుటనే ముఖ్యముగా నెంతును.

మరియొకటి ఊపిరి నూదు సాధనము. పదునైదు సెకండ్లు ఊపిరి బిగబట్టి మెల్లగా నూదినచో, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడను విషవాయువు పదిలక్షల పాళ్లలో నెన్ని పాళ్లున్నదో చూపును. పది దాటినచో పొగత్రాగువాడని సాధారణముగా తలంతురు. ఈ వాయువు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో నెత్తురునకు అంటుకొనును. అయితే నాలుగైదు గంటలలో సగమునకు దిగును. కనుక నిన్నటి సంగతి చెప్పదు. కట్టెల పొయ్యి నూదిన యిల్లాలి ఊపిరిలోను అంకె పెరుగవచ్చును. ఆ సంగతి ముందుగా నడుగక ఆమెపై నింద మోపరాదు.

ఈ కొలతలవలన ప్రయోజనమేమందురా? ఇరువది కాల్చువాడు పదికి దిగెనని మనము మెచ్చుకొందుము. ఆ పదింటిని తుదముట్ట కాల్చుచు లోతుగా పీల్చినచో లోనికి పోవు పొగ సగమునకు తగ్గదు. పూర్తిగా మానినవాని ఊపిరిలోనన్ననో, ఒకటి రెండు దినములలోనే అంకె దిగిపోవుట వాడు స్వయముగా చూచుకొనగలడు.

ఇక మన ఉత్తర కోస్తాలోని అడ్డపొగ. శ్రీకాకుళపు పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించిన పరిశోధనము 1971లో ప్రకటితమయ్యెను. చుట్ట నిప్పును నోటిలో నుంచుకొనువారికి, అందు ముఖ్యముగా స్త్రీలకు, అంగిటిలో పుండ్లును పుట్టకురుపును కలుగుట వైద్యు లెరిగినదే. సిగరెట్టుకై చేసిన గొట్టము ఇక్కడ పనికిరాదు. నోట నుండు కొననే నిప్పున్నది. ఇట్టిచోట గడియారమును చిన్నత్రాసును చాలును. చుట్టను కాల్చకమునుపును కాల్చిన పిమ్మటను తూచవలెను. నిప్పు నోట నున్నంతసేపు లెక్కింపవలెను. ఆస్పత్రికి పిలిపించినచో బెదరి వేరువిధముగా కాల్తురు గనుక, ఆమె యనుమతితో, ఆమె యింటి యరుగు మీదనే కూర్చుండి యీ పని చేయవలెను.