ఇయర్‌బడ్డులును సార్వజనిక ప్రమాణములును

స్నాతకోత్సవమున దేశసేవను గూర్చియో శీలసంపదను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను మాత్రము మీలో పలువురి జేబులలో నిప్పుడే యున్న యియర్‌బడ్డును గూర్చి మాటలాడ దలచితిని. ఉపన్యాసము దీర్ఘమైనచో ఆ బడ్డును చెవిని బెట్టుకొనుటకు మీకు స్వేచ్ఛ కలదు.

ఆ వస్తువునకు ప్రాణము బ్లూటూత్. స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థయందు 1994 ప్రాంతమున అంకురించిన యీ విద్యను, ఆ సంస్థ తనకే దాచుకొనక, 1998లో ఇంటెల్, నోకియా, తోషిబా, ఐబీఎం సంస్థలతో గూడి అందఱకును తెఱచిన ప్రమాణముగా నొనర్చెను. అయితే సంగీతప్రసారమునకై 2003లో వెలువడిన ఏ2డీపీ అను నిబంధన, ఫోను ఒకే గ్రాహకమునకు పాటను పంపునని భావించినది. రెండు చెవుల నడుమ తీగయే తెగిపోవు దినము వచ్చునని దానిని వ్రాసినవారు తలపలేదు. తీగ తెగెను. తొలినాటి జంటబడ్డులు కొన్నిటిలో ఒకటి పాటను గ్రహించి రెండవదానికి మరల పంపెడిది; 2.4 గిగాహెర్ట్జుల తరంగమును మన తలలోని నీరు మ్రింగివేయుచుండుటచే పాట తెగితెగి వినబడుటయు, రెట్టింపు చాకిరీ చేయు బడ్డు బ్యాటరీ ముందుగా అడుగంటుటయు సామాన్యమయ్యెను.

ఈ కొఱతను తీర్చినవి సొంత కిటుకులే. 2016 డిసెంబరులో అంగడికెక్కిన ఆపిల్ ఎయిర్‌పాడులు, డబ్ల్యూ1 అను సొంత చిప్పు బలముచే, పెట్టె మూత తెఱచినంతనే ఐఫోను తెఱపై ప్రత్యక్షమై, ఒక్క తాకుడుతో జతపడుచుండెను. ధ్వని నాణ్యమునకై సోనీ ఎల్‌డాక్ అను కోడెక్‌ను (ధ్వనిని కుదించి పంపి మరల విప్పు పద్ధతిని), క్వాల్‌కామ్ ఆప్టెక్స్ అను కోడెక్‌ను ముందుకు దెచ్చెను. దీనిని నేను దోషముగా నెంచను. ప్రమాణములను రచించు సమితుల నడక మందగమనము. ఆతురత గల సంస్థ యొకటి ముందు నడచి త్రోవ చూపకున్నచో సమితి దేనిని ప్రమాణీకరించును? దోషమెచట ననగా, అందఱి బాట సిద్ధమైన పిమ్మటను తన గుమ్మమునకు మాత్రమే గడియ వేసికొని కూర్చుండుట.

ఆ బాట సిద్ధమైనది. 2020 జనవరిలో ప్రకటితమైన ఎల్‌ఈ ఆడియో అను క్రొత్త బ్లూటూత్ ప్రమాణము, కుడిచెవికి నెడమచెవికి వేర్వేఱుగా, ఐనను ఏకకాలమున, ధ్వనిని పంపును. ఫ్రాన్‌హోఫర్, ఎరిక్సన్ సంస్థలు రూపొందించిన ఎల్‌సీ3 కోడెక్, పాత ఎస్‌బీసీ కోడెక్‌తో పోల్చినచో సుమారు సగము దత్తాంశముతోనే అదే నాణ్యమును నిలుపును. దీనికి మూలప్రేరణ సంగీతప్రియులనుండి రాలేదు. వినికిడి యంత్రముల నిర్మాతల యూరోపియను సంఘము 2014లో బ్లూటూత్ సంఘముతో చేసికొన్న ఒడంబడికనుండి వచ్చినది. ఎల్‌ఈ ఆడియోకు ముందు ఆ యంత్రములకు ఐఫోనుతో నొక మార్గము, ఆండ్రాయిడుతో మఱియొక మార్గము! వినికిడి తగ్గిన వృద్ధుడు తన ఫోను ఏ జాతిదో తెలిసికొని గాని యంత్రమును కొనరాని దుస్థితి. నేడు ఆరాకాస్ట్ అను పద్ధతిచే, సభామందిరమునందలి ఒక్క ప్రసారిణి, ఆ పద్ధతి నెఱిగిన యంత్రము లెన్నింటికైనను, తయారీదారెవరని యడుగకయే, ధ్వని నందీయగలదు.

ఉమ్మడి ప్రమాణ మున్నను ఎవరి దారి వారిదగు ఈ చిక్కు తెలుగువారికి క్రొత్త కాదు. లిపులన్నిటికి ఉమ్మడి సంకేతప్రమాణమైన యూనికోడ్ యొక్క 1991నాటి తొలి కూర్పునందే మన లిపికి స్థానము లభించినను, మన అచ్చుకూటములు పెక్కేండ్లు ఎవరి ఖతి వారిదే యన్నట్లు అక్షరములను కూర్చినవి; అట్టి ఫైలును దాని ఖతి లేని కంప్యూటరున తెఱచినచో, కథ యుండవలసినచోట రోమను చిహ్నముల చిందఱవందఱ యగపడును.

ఇయర్‌ఫోనుల విషయమున ప్రభుత్వములును మేల్కొనుచున్నవి. జతపఱచుట, ఒక పరికరమునుండి మఱియొకదానికి ధ్వని తనంత తానే మాఱుట వంటి ఐఫోను సౌకర్యములను ఇతర సంస్థల ఇయర్‌ఫోనులకును అందీయవలయునని 2025 మార్చిలో యూరోపియను కమిషన్ ఆదేశించెను. ఆపిల్ న్యాయస్థానము నాశ్రయించినది. తీర్పెట్లున్నను, చట్టమున కంటె ముందుగా ఇంజనీరు చేయగల పని యిందు చాల కలదు.

మీలో కొందఱు రేపు చిప్పుల సంస్థలలోను, ఫోనుల సంస్థలలోను చేరుదురు. సొంత సొగసును జోడింపుమని పైవారు కోరినపుడు జోడింపుడు. ఐనను పాట, మాట, సాఫ్ట్‌వేరు నవీకరణము అను మూడును పరాయి ఫోనుతోడను చక్కగా నడచునట్లు పరీక్షించి గాని వస్తువును విడువకుడు. బ్లూటూత్ ప్రమాణపత్రములు ఎవరికైనను ఉచితముగా లభించును. పట్టా చేతబట్టి యింటికి వెడలిన పిమ్మట, ఉద్యోగపత్రము వచ్చులోపల, వానిలో నొకదానినైన మొదటినుండి తుదివఱకు చదువుడని నా ప్రార్థన.