సీజనింగ్ అంటే ఋతువా? వంటింటి ఇంగ్లీష్ మాటల కథ

ఈ ఎపిసోడ్‌లో వంటింట్లో తిరిగే ఇంగ్లీష్ మాటల గురించి చెప్పుకుందాం. సీజనింగ్, కాండిమెంట్, సాస్, కెచప్, పెప్పర్, జింజర్. ప్యాకెట్ల మీద, మెనూ కార్డుల మీద రోజూ చూస్తూనే ఉంటాం. అసలు వీటి అర్థం ఏంటి, ఎక్కడి నుంచి వచ్చాయి, చూద్దాం.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ అయిపోయాక అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను. నాది తెలుగు మీడియం. రెండో వారంలో సార్ బోర్డు మీద 'సీజనింగ్' అని రాసి, అర్థం ఎవరు చెప్తారు అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేను ఎత్తాను. "సీజన్ అంటే ఋతువు కదా సార్, దానికి సంబంధించిందే ఏదో" అన్నాను. క్లాసంతా ఘొల్లున నవ్వింది. సార్ కూడా నవ్వుతూ, "నూడుల్స్ ప్యాకెట్‌లో చిన్న పొడి పొట్లం వస్తుంది చూడు, అదయ్యా సీజనింగ్. ఎండాకాలం, వానాకాలం కాదు" అన్నారు. అది మూడు నెలల కోర్సు. మిగిలిన రోజుల్లో నేను మళ్లీ ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక నిఘంటువులో ఆ మాట పుట్టుక చదివి అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే సీజనింగ్‌లో ఉన్నది నిజంగా ఆ ఋతువే.

ఎలాగో చూడండి. లాటిన్‌లో 'సతియో' అంటే విత్తనాలు చల్లడం. అదే మాట ఫ్రెంచ్‌లోకి వచ్చేసరికి విత్తే కాలం అయింది, తర్వాత ఏ కాలానికైనా వాడేశారు. అదే సీజన్. పాత ఫ్రెంచ్‌లో దాని నుంచే ఒక క్రియ పుట్టింది. దానికి అర్థం పండించడం, మాగించడం. పండిన కాయకే కదా రుచి! అలా 'పండించడం' కాస్తా 'రుచికి తేవడం' అయింది. కూరలో ఉప్పూ మిరియాల పొడీ వేసి సరిచేయడం అంటే, పచ్చిగా ఉన్నదాన్ని పక్వానికి తేవడం అన్నమాట.

ఇంకో తమాషా. క్రికెట్ కామెంటరీలో 'సీజన్డ్ ప్లేయర్' అంటారు, అంటే బాగా అనుభవం ఉన్న ఆటగాడు. మనం ఏమంటాం? తలపండినవాడు అంటాం. అక్కడా పండడమే, ఇక్కడా పండడమే. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే సీజన్, సీజనింగ్, సీజన్డ్ మూడూ ఇక మర్చిపోరు. రెసిపీల చివర 'సీజన్ టు టేస్ట్' అని ఉంటుంది. కంగారు పడొద్దు. మన వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని రాస్తారే, దాదాపు అదే.

మరి కాండిమెంట్? సీజనింగ్ ఎక్కువగా వండేటప్పుడు పడేది. కాండిమెంట్ ఎక్కువగా ప్లేటు పక్కన పెట్టుకునేది. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, నంజుకోవడం. సమోసాలోకి సాస్, ముద్దపప్పులోకి ఆవకాయ. నంజుకునేదంతా కాండిమెంటే. లాటిన్‌లో 'కొండీరే' అంటే నిల్వ పెట్టడం, ఊరబెట్టడం, రుచి పట్టించడం. కాబట్టి పుట్టుకను బట్టి చూస్తే అసలు సిసలు కాండిమెంట్ మన ఊరగాయే.

ఇక ఉప్పు కుటుంబం. లాటిన్‌లో ఉప్పుని 'సాల్' అంటారు. ఉప్పు వేసినది 'సల్సా'. అది ఫ్రెంచ్ మీదుగా సాస్ అయింది. సలాడ్ అన్నా ఉప్పు వేసినదే, సాసేజ్‌లోనూ ఆ ఉప్పే ఉంది. జీతాన్ని శాలరీ అంటాం కదా, అదీ ఇదే ఇంటి మాట. రోమన్ సైనికులకి జీతం ఉప్పు రూపంలోనే ఇచ్చేవారని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. దానికి గట్టి ఆధారం లేదు, ఫార్వర్డ్ చేయకండి. కానీ జీతానికి ఉప్పు పేరు రావడం మనకి వింతేమీ కాదు. 'ఉప్పు తిన్న విశ్వాసం' అని మనమూ అంటాం కదా.

కెచప్ అనగానే టమాటా గుర్తొస్తుంది. కానీ ఆ మాటలో టమాటా లేదు, చేప ఉంది! దక్షిణ చైనాలో హొక్కియన్ అనే భాష మాట్లాడేవాళ్లు ఊరబెట్టిన చేపల రసాన్ని ఇంచుమించు 'కేచియప్' అనేవారు. మలయ్ భాషలో 'కిచాప్' అంటారు. 17వ శతాబ్దం చివరికల్లా అది ఇంగ్లీష్‌లోకి ఎక్కింది. ఇంగ్లండ్‌లో పుట్టగొడుగులతో, వాల్‌నట్లతో కూడా కెచప్ చేసుకున్నారు. టమాటా కెచప్ వచ్చింది 19వ శతాబ్దం మొదట్లో, అమెరికాలో. అంటే పేరు పాతది, సరుకు కొత్తది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పెప్పర్ అనే మాట సంస్కృతంలోని 'పిప్పలి' నుంచి బయల్దేరి, గ్రీకు, లాటిన్ మీదుగా ఇంగ్లీష్‌కి చేరింది. అవును, దగ్గొస్తే అమ్మమ్మ తేనెలో కలిపి పెట్టే పిప్పళ్లే. పేరు పిప్పలిది, దక్కింది మిరియానికి. తర్వాత 1492లో కొలంబస్ అమెరికా వైపు వెళ్లాక, అక్కడి ఘాటైన కాయకి కూడా పెప్పర్ అనే పేరు తగిలించేశారు. ఆ కాయ పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వస్తే మనవాళ్లూ అదే పని చేశారు. మిరియం, మిరప. రెండూ పక్కపక్కన పలికి చూడండి. తమిళంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ.

చింతపండుకి టామరిండ్ అనే పేరు అరబ్బులు ఇచ్చింది. 'తమ్ర్ హిందీ', అంటే ఇండియా ఖర్జూరం.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది జింజర్. అల్లాన్ని తమిళ, మలయాళాల్లో 'ఇంజి' అంటారు. దానికి 'వేర్' కలిపితే ఇంజివేర్. ఆ వేర్ ఏదో కాదు, తెలుగులో మనం రోజూ అనే వేరే. ఈ దక్షిణాది మాటే పాళీలో 'సింగివేర' అయి, గ్రీకుకి వెళ్లి, లాటిన్‌లో 'జింజిబెర్' అయి, చివరికి జింజర్ అయిందని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. అంటే జింజర్ అన్న ప్రతిసారీ ఇంగ్లీష్ వాడు, తనకి తెలియకుండానే, మన వేరు పేరు పలుకుతున్నాడు.

ఆ రోజు క్లాసులో ఇదంతా నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది! సార్ చెప్పిన అర్థం కరెక్టే, అందులో తప్పేం లేదు. కానీ నా జవాబూ పూర్తిగా తప్పు కాదు. తెలిసిన మాట పట్టుకుని తెలియని మాట దగ్గరికి వెళ్లాలని చూశాను, అంతే. భాష నేర్చుకోవడం అంటేనే అది. అందుకే మీలో ఎవరైనా అలా నవ్వులపాలై చెయ్యెత్తడం మానేసి ఉంటే, రేపు మళ్లీ ఎత్తండి. మీ పక్కన ఎవరైనా తప్పు చెప్తే, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగి, అలా ఎందుకు అనుకున్నావని అడగండి.

ఈసారి హోంవర్క్ చిన్నదే. ఇంట్లో పోపుల డబ్బా తెరిచి, అందులో ఉన్నవాటికి ఇంగ్లీష్ పేర్లు రాసుకోండి. ఒక క్లూ ఇస్తాను: లవంగాన్ని క్లోవ్ అంటారు, ఆ మాటకి మూలం ఫ్రెంచ్‌లో మేకు. లవంగాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. అలాగే మీ ఊళ్లో పోపు అంటారా, తాలింపు అంటారా, తిరగమోత అంటారా, అదీ రాసి పంపండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.