పిల్లికూతలు వినబడే ఇల్లు
(ముంబయి తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి ఆసుపత్రులలో 'దమా' అంటారు. మనం ఉబ్బసమంటాము. బిడ్డ విషయంలో మాత్రం ఆ మాట నోట రాక "జలుబు చేసింది, కొంచెం ఆయాసం" అంటాము. ఆడపిల్లయితే మరీ దాస్తాము. దాచిన జబ్బుకు మందు ఆలస్యమవుతుంది. రాత్రివేళ దగ్గు, ఛాతీలో పిల్లికూతలు పదేపదే వస్తుంటే వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పవలసినదే.

ఇక ఇంటి సంగతి. కామాఠీపురా, వర్లీలలో మనవారు తరతరాలుగా కాపురమున్న ఒంటి గదులలో పడక, వంట, తడిబట్టల ఆరవేత అన్నీ ఒక్కచోటనే. జూన్ నుండి సెప్టెంబరు వరకు గోడలు చెమరుస్తాయి. ఆ తేమలో గోడమీద బూజు పడుతుంది. బూజంటే ఇక్కడ సాలెగూడు కాదు, నల్లగా మచ్చలు కట్టే శిలీంధ్రం. ఆ తేమలోనే పరుపులో ధూళిపురుగు పెరుగుతుంది. కంటికి కనబడని ఆ పురుగు మన ఒంటినుండి రాలే చర్మపు పొట్టు తిని బ్రతుకుతుంది. బిడ్డకు పడనిది ముఖ్యంగా దాని విసర్జన. ఎండలో వేస్తే పురుగు చావవచ్చును గాని విసర్జన మిగిలే ఉంటుంది. అందుచేత దుప్పట్లు, గలీబులు వారానికొకసారి దాదాపు 60 డిగ్రీల వేడినీటిలో, అంటే చేయి పెట్టలేనంత వేడిలో, ఉతకాలి. పరుపుకూ బూరుగుదూది దిండుకూ దట్టమైన జిప్పు తొడుగు వేయాలి. తొడుగొక్కటే వేసి ఊరుకుంటే పెద్దగా ఫలితముండదు. పొడి చీపురు దుమ్ము లేపుతుంది. బిడ్డ బడికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో తుడవండి.

బొద్దింకల రెట్టకూడా ఉబ్బసాన్ని రేపుతుంది. ఒక్క ఇంట మందు కొడితే అవి పక్కింటికి పోతాయి. అంతస్తంతా కలిసి చేయించుకోవాలి. పిచికారీకన్నా పగుళ్లలో పెట్టే జెల్ మేలు.

అన్నిటికన్నా ముందు మానవలసినది పొగ. దీనికి ఖర్చు లేదు. సిగరెట్టు, దోమల కాయిల్, అగరుబత్తి, చివరకు పసిబిడ్డకు తలంటి వేసే సాంబ్రాణి కూడా. సాంబ్రాణి మాట అనగానే పెద్దమ్మలు నొచ్చుకుంటారని తెలుసు. కాని మూసిన గదిలో ఏ పొగైనా ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగే. దోమలకు తెర కట్టండి.

ఇల్లెంత శుభ్రపరచినా వైద్యుడిచ్చిన ఇన్‌హేలర్ మానరాదు. అది వ్యసనమవుతుందన్నది అపోహ. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది గనుక స్వల్ప మోతాదు చాలు. పీల్చిన తరువాతకూడా బిడ్డ మాట పూర్తిచేయలేకపోయినా, పక్కటెముకల నడుమ చర్మం లోపలికి లాగుకుపోతున్నా, పెదవులు నీలిబారినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.