వేసవి ఒక్కటే, వయస్సులు మూడు

 

ఈ వైశాఖమాసపు ఉక్కపోతలో విసనకఱ్ఱలు చేతబట్టుకొని మీరందరు ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. కావున నేడు దూరపు విషయము కాక, మన నెత్తిమీదనున్న విషయమునే ముచ్చటించుకొందము. ఎండ అందరిపైనను ఒక్క తీరుగనే కాయును. 2022లో జిల్లాలు వేఱై రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఎండకు ఆ సరిహద్దులు తెలియవు. కాని పదేండ్ల బాలునకు, నడివయస్సు గృహస్థునకు, డెబ్బది దాటిన వృద్ధునకు తోచెడి వేసవులు వేఱు వేఱు. ఆ మూడింటిని చూచినవాడను గనుక నాకు తెలిసినది మీకు మనవి చేసికొందును.

నా బాల్యము తెనాలిలో గడచినది. బడికి సెలవులిచ్చిన మఱునాడే రైలెక్కి రేపల్లెలోని అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళెడివారము. వేమూరు, భట్టిప్రోలు దాటుచుండగా కిటికీలోనుండి కొట్టెడి వేడిగాలి మాకు పండుగ గాలివలె తోచెడిది. నెఱ్ఱెలు విచ్చిన మాగాణులు మాకు ఆటస్థలములు. తాటిముంజలు, మామిడిపండ్లు, రాత్రివేళ వాకిట మంచములపై పరుండి నక్షత్రములు లెక్కించుట, ఇదియే మాకు వేసవి. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు అనుచుండగా, పెరటిలోని రోలు పగిలినదేమోనని పరుగెత్తిపోయి చూచెడివారము.

ఆనాడు ఎండ లేకపోలేదు. దానిని మా బదులు మఱొకరు భరించినారు. కాలువలు కట్టివేసిన దినములలో అమ్మమ్మ తెల్లవారకముందే చెరువునకు పోయి బిందెలతో నీరు తెచ్చెడిది. మధ్యాహ్నము మమ్ము చల్లని గదిలో పరుండబెట్టి, తాను మేలుకొని విసరుచుండెడిది. మేము మామిడిపండును చూచితిమి గాని విసరెడి చేతిని చూడలేదు.

తరువాత ఉద్యోగరీత్యా బాపట్లలో కాపురముంటిని. అప్పుడు వేసవి రూపు మారినది. పెండ్లిండ్ల ఖర్చు, పిల్లల పుస్తకముల ఖర్చు, ఆవకాయకు కాయలు, నూనె, కారము, కాలువ కట్టగానే నీటి చింత, వీనితో మే నెల నాకు లెక్కల పుస్తకమైనది. సాయంకాలము సూర్యలంక వైపునుండి వచ్చు సముద్రపు గాలికై ఎదురుచూచుటయే మిగిలిన సుఖము. అదియు ప్రతిదినము వేళకు రాదు. పడమటినుండి వేడిగాలి బలముగా వీచుననాడు సముద్రపు గాలి లోపలికి చొరలేక ఆలస్యమగును. మన తీరమున వడగాడ్పులు తీవ్రమగునది అట్టి దినములలోనే. గాలిలో తేమ హెచ్చిననాడు చెమట ఆరదు. చెమట ఆరనిదే ఒడలు చల్లబడదు. ఈ ఉక్కను తిట్టుకొనుచు, నావలె కష్టపడువాడు లేడని తలచుచుంటిని. ఇంటిలో నాకంటె ఎక్కువ కష్టపడువారు ఉన్నారని తోచనే లేదు.

2003 మే నెల. ఆ యేడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 1,000 మందికి పైగా మరణించిరి. మా నాన్నగారికి అప్పుడు 76 ఏండ్లు. ఆయన మంచము పడమటి గదిలో ఉండెడిది. "నాన్నగారూ, మంచినీళ్ళు కావాలా?" అని గుమ్మమునుండియే అడిగెడివాడను. "దాహం లేదురా అబ్బాయీ" అనెడివారు. అడిగితిని గదా యని తృప్తిపడి వెళ్ళిపోయెడివాడను. ఒకనాటి మధ్యాహ్నము ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఒడలు కాలిపోవుచున్నది, చెమట చుక్క లేదు. ఆసుపత్రికి చేర్చగా అప్పటికి ప్రాణము దక్కినది. కాని ఆయన మునుపటివలె లేచి తిరుగలేదు. మఱుసటి వేసవిని చూడలేదు. ఆనాడు వైద్యులు నాతో మెల్లగా ఒక్క మాట చెప్పినారు: "పెద్దవాళ్ళను దాహం వేస్తోందా అని అడగకూడదండీ. చేతికిచ్చి, తాగేదాకా పక్కన కూర్చోవాలి."

వయస్సు మీఱినకొలది దాహము తెలియుట తగ్గును. చెమట పట్టుటయు తగ్గును. రక్తపోటునకు వాడెడి కొన్ని మందులు ఒంటిలోని నీటిని మఱింత వెలికి పంపును. కావున పెద్దలు "దాహం లేదు" అనునప్పుడు వారు అబద్ధమాడుట లేదు. అయినను ఆ మాటను మనము నమ్మి ఊరకుండరాదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి 2,000 మందికి పైగా ఎండకు బలియైరి. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేయు కూలీలు ఎక్కువ.

నేడు నాకు 72 ఏండ్లు. మొన్న మిట్టమధ్యాహ్నము నా మనుమడు బంతి తీసికొని బయలుదేరగా గద్దించితిని. వాడు, "తాతయ్యా, నీకు వేసవంటే ఎందుకంత కోపం?" అని అడిగినాడు. నాకు సమాధానము దొరకలేదు. వాని వేసవి ఒకప్పుడు నాకును ఉండెను. నా వేసవి వానికింకను రాలేదు. నాది కోపము కాదు, భయము. ఎండ దిగిన పిదప నేనే వాని వెంట పోయి అరుగుపై కూర్చుంటిని. ఆట నడుమ వాడు పరుగెత్తుకొనివచ్చి, తన సీసా నాకిచ్చి, "ముందు నువ్వు తాగు తాతయ్యా" అన్నాడు. నాకు దాహము లేదు. అయినను త్రాగితిని.

గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అర్జునునితో, శీతోష్ణములు వచ్చిపోవునవి, వానిని ఓర్చుకొనుమని బోధించినాడు. ఆ ఓర్పు మన ఒడలికి మనము చెప్పుకొనవలసిన మాట. ఎదుటివాని దాహమునకు చెప్పరాదు. మా నాన్నగారు ఓర్చుకొన్నారు, అది ఆయన పెద్దఱికము. ఆ ఓర్పును చూచి నేను నిశ్చింతగా నుండుట నా లోపము.

వైశాఖమున నీటికుండ దానము చేయుట మన ఆచారము. వీథి మొగను చలివేంద్రము పెట్టి బాటసారిని పిలిచి మజ్జిగ ఇత్తుము. మంచిదే. కాని ఆ కుండ మొదట మన ఇంటి పడమటి గదిలోనికి పోవలెను. పెద్దల మంచమును చల్లని గదిలోనికి మార్చవలెను. వైద్యుడు నీటికి హద్దు పెట్టినవారికి తప్ప, తక్కినవారికి అడుగకయే నీరో మజ్జిగయో ఇయ్యవలెను. మాట తడబడి, ఒడలు కాలుచుండినచో తడిబట్టతో తుడిచి, విసరుచు, జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మన పొలములో, మన ఇంటి కట్టుబడిలో పనిచేయువారిని మధ్యాహ్నము నీడకు పంపవలెను.

బాల్యమున మనము ఒకరి నీడలో ఉంటిమి. నడివయస్సున నీడనియ్యవలసినవారము. వార్ధక్యమున, ఇచ్చిన నీడను వద్దనక పుచ్చుకొనవలసినవారము. మృగశిర కార్తె వచ్చును, తొలకరి కురియును, కాలువలకు మరల నీరు వచ్చును. అంతవరకు మన ఇండ్లలోని పెద్దలందరు క్షేమముగా నుండవలెను. నేడు ఇంటికి పోగానే ఒక గ్లాసు నీరు చేతబట్టుకొని వారియొద్దకు వెళ్ళుడు. దాహమా యని అడుగవద్దు. ఇచ్చి, ప్రక్కన కూర్చుండుడు.

శుభం భూయాత్.