డాక్టర్ చదువుకు హైదరాబాదే పోవాల్నా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇందాక ఇంటర్ చదివే చెల్లె ఒకామె లేచి అడిగింది: "అన్నా, డాక్టర్ కావాలంటే హైదరాబాదే పోవాల్నా?"

అవసరం లేదు. కోరుట్లల బస్సెక్కితే గంటలోపే జగిత్యాల. అక్కడ సర్కారు మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది, 150 సీట్లు. మరుసటేడు సిరిసిల్లలో ఇంకోటి, 100 సీట్లు. రాష్ట్ర కోటాలో ఎస్టీలకు 10 శాతం. అంటే రెండు కాలేజీల్ల కలిపి ఏటా ఇరవై సీట్ల దాకా మన పిల్లలవే. రాష్ట్రంల ఏ గూడెం పిల్లలైనా పోటీ పడొచ్చు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండ్రి. 2024 జులైలో జీవో 33 వచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివినోళ్లే స్థానికులు. 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధన చెల్లుతదన్నది. మంచి కోచింగ్ అని ఇంటర్‌కు విజయవాడ పంపితే, ఇక్కడే పుట్టి పెరిగిన కూలోళ్ల బిడ్డ కౌన్సెలింగ్‌ల స్థానికేతరురాలు అయితది. ఈ సంగతి అమ్మనాన్నలకు ఎవరు చెప్తరు? ఊర్లకొచ్చే కాలేజీ ఏజెంట్లు చెప్పరు. మనమే చెప్పాలె.

నీట్ తెలుగులో రాయొచ్చు, కానీ ఆ భాష దరఖాస్తులోనే ఎంచుకోవాలె. 720 మార్కుల్లో 360 బయాలజీవే. మన తాతలకు తెలిసిన చెట్ల మందులు అందుల అడగరనుకోండి, అది వేరే బాధ.

కుల ధ్రువీకరణ, బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండ్రి. నోటిఫికేషన్ వచ్చినంక మీసేవ ముందు నిలబడితే టైం సరిపోదు.

తొమ్మిదిలో ఉన్నోళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండ్రి.